న్యాయమూర్తి కోకా సుబ్బారావు

న్యాయస్థానంలో ఒక వ్యాజ్యాన్ని ఐదుగురు న్యాయమూర్తులు విచారించినప్పుడు ముగ్గురు ఏకాభిప్రాయానికి వస్తే అదే తీర్పు అవుతుంది. మిగిలిన ఇద్దరి అభిప్రాయం ఎంత సహేతుకమైనదైనా అమలుకు నోచుకోదు. అయినా ఆ ఇద్దరూ తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా వ్రాసి, సంతకం చేసి తీర్పుతో జతపరుస్తారు. దానిని భిన్నాభిప్రాయ తీర్పు అంటారు. దానివల్ల ఆనాటి కక్షిదారునికి ఒరిగేది ఏమీ ఉండదు. కాని అది న్యాయగ్రంథాలలో పదిలంగా నిలిచి రాబోయే తరాలను ఆలోచింపజేస్తుంది. ఒక్కొక్కప్పుడు అర్ధశతాబ్ది గడచిన తరువాత అదే దేశానికంతటికీ శిరోధార్యమవుతుంది. అటువంటి తీర్పులు వ్రాసిన ధీశాలి, తెలుగువారిలో మొట్టమొదటగా భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన న్యాయకోవిదుడు కోకా సుబ్బారావు.

సుబ్బారావు 1902 జూలై 15న గోదావరీ తీరంలోని రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. ఆయన చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆనాటి రాజమహేంద్రవరం ఆంధ్రదేశంలో నూతన భావాలకు ఆటపట్టు. కందుకూరి వీరేశలింగం పంతులు సంఘసంస్కరణోద్యమం సాగించిన ఊరది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాకతో వందేమాతరం ఉద్యమం ఆ పట్టణంలో ఉప్పెనలా ఎగసి, విద్యార్థులను కళాశాల నుండి బహిష్కరించే వరకు వెళ్ళింది. న్యాపతి సుబ్బారావు పంతులు, టంగుటూరి ప్రకాశం వంటి న్యాయవాదులు అక్కడ ప్రజాజీవితంలో ముందు వరుసలో నిలిచారు. న్యాయవాద వృత్తి అంటే ధనార్జన మాత్రమే కాదని, అది ప్రజల పక్షాన నోరు విప్పే అర్హత కూడా అని ఆ తరం యువకులు నేర్చుకున్న వాతావరణం అది.

రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ కళాశాలలో పట్టభద్రులైన తరువాత సుబ్బారావు మద్రాసు న్యాయకళాశాలలో చదివి న్యాయశాస్త్ర పట్టా పొందారు. ఆ రోజులలో ఆంధ్ర ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగం. పేరుప్రతిష్ఠలు ఆశించే ప్రతి తెలుగు న్యాయవాదికీ మద్రాసు హైకోర్టే పరీక్షాస్థలం. సుబ్బారావు అక్కడ తన మామగారైన పి. వెంకటరమణారావు వద్ద వృత్తిలో మెలకువలు నేర్చుకున్నారు. కొంతకాలం గుంటూరు జిల్లా బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. ఆ ఉద్యోగంలో ఎక్కువ కాలం నిలువక మరల మద్రాసు చేరి, తన బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి న్యాయవాద వృత్తి సాగించారు. రాజమన్నార్ తెలుగు నాటక రచయితగా కూడా ప్రసిద్ధులు. ఆయన 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ సంవత్సరంలోనే సుబ్బారావు అదే హైకోర్టులో న్యాయమూర్తిగా నియమితులయ్యారు.

ఆయన న్యాయమూర్తి అయిన రెండు సంవత్సరాలకు, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంతవరకు న్యాయస్థానాలు శాసనానికి అర్థం చెప్పేవే గాని, పౌరుని హక్కులకు విరుద్ధంగా ఉన్నదన్న కారణంతో శాసనాన్నే కొట్టివేయగల స్థితి లేదు. రాజ్యాంగం పౌరునికి ప్రాథమిక హక్కులను ప్రసాదించి, వాటిని కాపాడే బాధ్యతను న్యాయస్థానాలకు అప్పగించింది. ఈ క్రొత్త బాధ్యతను ఎంత దూరం తీసుకొని వెళ్ళాలి? ప్రభుత్వం ప్రజాహితం కోసమే చేస్తున్నానని చెప్పిన పనిని న్యాయస్థానం ప్రశ్నించవచ్చునా? ఈ ప్రశ్నలు సుబ్బారావు జీవితమంతటా ఆయనను వెన్నంటి వచ్చాయి.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతంలో ఉండరాదని 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దలు అంగీకరించి ఉన్నారు. దానిని అనుసరించి హైకోర్టు గుంటూరుకు వచ్చింది. దానిని నెలకొల్పే బాధ్యతను సుబ్బారావుకు అప్పగించారు. మద్రాసు హైకోర్టుకు దాదాపు శతాబ్ది చరిత్ర ఉంది. గుంటూరులో అన్నీ మొదటి నుండి సమకూర్చుకోవలసినవే. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైంది. సుబ్బారావు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ సంవత్సరమే తిరుపతిలో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఛాన్సలరుగా కూడా వ్యవహరించారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు హైకోర్టు హైదరాబాదులో మూసీనది ఒడ్డున ఉన్న భవనానికి చేరింది. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టుకు కూడా ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. ఒక వైపు ఆంగ్లంలో వ్యవహారం సాగించిన మద్రాసు సంప్రదాయం, మరొక వైపు నిజాం పాలనలో ఉర్దూలో వ్యవహారం సాగించిన హైదరాబాదు సంప్రదాయం. ఈ రెండింటిలో పెరిగిన న్యాయమూర్తులు, న్యాయవాదులు ఒకే కప్పు క్రిందికి వచ్చారు. ఆ సంధికాలంలో న్యాయస్థానానికి సారథ్యం వహించిన సుబ్బారావు 1958 జనవరి 31న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీకి వెళ్ళారు.

ఢిల్లీకి వెళ్ళిన మొదటి సంవత్సరంలోనే ఆయన ముందుకు తెలుగు నేలకు సంబంధించిన ఒక వ్యాజ్యం వచ్చింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు యజమానులు నడుపుతున్న బస్సు మార్గాలను రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ స్వాధీనం చేసుకోవడానికి పథకం ప్రకటించింది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు, మరికొందరు బస్సు యజమానులు అభ్యంతరం తెలిపారు. ప్రభుత్వ కార్యదర్శి వారి వాదన విన్నారు. పథకాన్ని ఆమోదించినది మాత్రం ముఖ్యమంత్రి. సుబ్బారావు మెజారిటీ న్యాయమూర్తుల తరఫున తీర్పు వ్రాస్తూ ఈ పద్ధతి చెల్లదన్నారు. వాదన ఒకరు విని నిర్ణయం మరొకరు చేస్తే ఆ వినడానికి అర్థం ఉండదని, పైగా తగవులో ఒక పక్షమైన శాఖకు చెందినవారే విచారణ జరపడం సహజన్యాయానికి విరుద్ధమని ఆయన నిర్ణయించారు. బస్సుల జాతీయీకరణ మంచిదా చెడ్డదా అన్నది ఆయన ముందున్న ప్రశ్న కాదు. మంచి పనినైనా న్యాయమైన పద్ధతిలోనే చేయాలన్నది ఆయన పట్టుదల.

వ్యక్తి స్వేచ్ఛను అంతగా ప్రేమించినా, ఆయన నేరం విషయంలో మెతకదనం చూపలేదు. 1961లో దేశమంతటా సంచలనం కలిగించిన నానావతి హత్యకేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బొంబాయిలో జ్యూరీ సభ్యులలో ఎనిమిదిమంది ఆ నౌకాదళ అధికారి నిర్దోషి అన్నారు. పత్రికలు, ప్రజలు ఆయన పట్ల సానుభూతి వర్షించారు. బొంబాయి హైకోర్టు మాత్రం దోషిగా నిర్ణయించి యావజ్జీవ శిక్ష విధించింది. సుబ్బారావు సాక్ష్యాధారాలను ఒక్కొక్కటిగా పరిశీలించి ఆ శిక్షను ఖాయపరిచారు. జనాభిప్రాయపు హోరులో న్యాయమూర్తి చెవి సాక్ష్యం వైపే ఉండాలన్నది ఆ తీర్పులోని సారాంశం.

సుబ్బారావు పేరును చిరస్థాయిగా నిలిపిన భిన్నాభిప్రాయ తీర్పు 1962 డిసెంబరులో వెలువడింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక దోపిడీ కేసులో అరెస్టు చేసి, సాక్ష్యం లేనందున 1941లో విడిచిపెట్టారు. అయినా పోలీసులు ఆయన పేరుతో హిస్టరీ షీటు తెరిచారు. నాటి నుండి ఆయన ఇంటిపై రహస్యంగా కాపలా పెట్టడం, రాకపోకలను కనిపెట్టడం, అర్ధరాత్రి వేళ తలుపు తట్టి నిద్ర లేపి ఇంట్లో ఉన్నాడో లేడో చూడడం నిత్యకృత్యమైంది. పోలీసు నిబంధనలే ఇందుకు అవకాశమిచ్చాయి. ఆ నిబంధనలకు చట్టసభ చేసిన శాసనం అండ లేదు. ఖరక్ సింగ్ సుప్రీంకోర్టును ఆశ్రయించాడు.

ఆరుగురు న్యాయమూర్తులు విచారణ జరిపారు. అర్ధరాత్రి ఇంటికి రావడం మాత్రం చెల్లదని మెజారిటీ వారు కొట్టివేశారు. మిగిలిన నిఘాను సమర్థించారు. ఏకాంతత లేక గోప్యత అనేది మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు ఇందుకు అంగీకరించలేదు. న్యాయమూర్తి జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తేనే స్వేచ్ఛ పోయినట్లు కాదని, నిరంతరం ఎవరో తనను గమనిస్తున్నారన్న భయంతో బ్రతికేవాడు ఆరుబయట ఉన్నా బందీయేనని ఆయన భావించారు. గోప్యత అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా అది వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని, కాబట్టి ఆ నిబంధన మొత్తం చెల్లదని వ్రాశారు. నలుగురికి ఎదురుగా ఇద్దరు. ఆనాటికి ఆ వాదం ఓడిపోయింది.

మరుసటి సంవత్సరం, 1963లో, దేవదాసన్ కేసులో ఆయన ఒంటరిగా నిలిచారు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయించిన ఉద్యోగాలలో ఒక సంవత్సరం భర్తీ కానివాటిని తరువాతి సంవత్సరాలకు కలిపే పద్ధతి కేంద్ర ప్రభుత్వంలో ఉండేది. ఆ విధంగా ఒక సందర్భంలో 45 ఖాళీలలో 29 ఆ వర్గాల వారికి దక్కాయి. ఇది సమానావకాశ సూత్రానికి విరుద్ధమని నలుగురు న్యాయమూర్తులు ఆ పద్ధతిని కొట్టివేశారు. సుబ్బారావు అందుకు సమ్మతించలేదు. శిక్షణ పొందిన మేలుజాతి గుర్రాన్ని, ఆ అవకాశం లేని గుర్రాన్ని ఒకే గీత వద్ద నిలిపి పందెం పెట్టడం పేరుకు మాత్రమే సమానత్వమని ఆయన దృష్టాంతం చూపారు. తరతరాలుగా వెనుకబడినవారికి చేయూత ఇవ్వడం సమానత్వానికి మినహాయింపు కాదని, సమానత్వాన్ని నిజం చేసే మార్గమని వాదించారు. రిజర్వేషన్లు సమానత్వానికి మినహాయింపు కావన్న ఆ దృక్పథాన్ని సుప్రీంకోర్టు 1975లో ఎన్.ఎం. థామస్ కేసులోను, 1992లో ఇంద్రా సహానీ కేసులోను స్వీకరించింది. భర్తీ కాని ఉద్యోగాలను ముందుకు తీసుకొనిపోయే పద్ధతికి 2000లో రాజ్యాంగ సవరణ ద్వారానే రక్షణ లభించింది.

1966 జూన్ 30న సుబ్బారావు భారతదేశపు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ పదవిలో ఆయన ఉన్నది పది నెలలకంటె తక్కువ కాలమే. ఆ స్వల్పకాలంలోనే భారత రాజ్యాంగ చరిత్రను మలుపు తిప్పిన గోలక్‌నాథ్ కేసు విచారణకు వచ్చింది.

పంజాబులోని జలంధరుకు చెందిన గోలక్‌నాథ్ కుటుంబానికి ఐదు వందల ఎకరాలకు పైగా సాగుభూమి ఉండేది. 1953 నాటి పంజాబు భూచట్టం ప్రకారం ఒక్కొక్కరు ముప్పై ఎకరాలు ఉంచుకొని, మిగిలినదానిని మిగులు భూమిగా వదులుకోవాలి. ఆ చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధమని ఎవరూ ప్రశ్నించకుండా, పార్లమెంటు 1964లో పదిహేడవ రాజ్యాంగ సవరణ ద్వారా దానిని తొమ్మిదవ షెడ్యూలులో చేర్చింది. ఆ షెడ్యూలులో చేరిన చట్టాలను హక్కుల పేరిట కొట్టివేయడానికి ఆనాడు వీలుండేది కాదు. దీనితో వ్యాజ్యం భూమి తగవు స్థాయిని దాటిపోయింది. మూడింట రెండువంతుల బలం ఉన్నంతమాత్రాన పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి పౌరుల ప్రాథమిక హక్కులను తీసివేయవచ్చునా అన్న మహాప్రశ్న ముందుకు వచ్చింది. 1951లోను, 1964లోను సుప్రీంకోర్టు తీసివేయవచ్చుననే చెప్పి ఉన్నది.

ఈసారి పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చున్నది. అంతకు ముందు అంత పెద్ద ధర్మాసనం ఏర్పడలేదు. 1967 ఫిబ్రవరి 27న తీర్పు వెలువడింది. ఆరుగురు ఒక వైపు, ఐదుగురు మరొక వైపు. సుబ్బారావు తాను, మరి నలుగురు న్యాయమూర్తుల తరఫున ప్రధానమైన తీర్పు వ్రాశారు. ఆరవవారైన హిదయతుల్లా విడిగా వ్రాసి ఏకీభవించారు. ప్రాథమిక హక్కులను హరించే శాసనాన్ని రాజ్యం చేయరాదని రాజ్యాంగం ఆదేశించింది గనుక, రాజ్యాంగ సవరణ కూడా ఆ ఆదేశానికి లోబడవలసినదేనని వారు తేల్చారు. ఇకముందు పార్లమెంటు ఆ హక్కులను తగ్గించడానికి గాని తొలగించడానికి గాని వీలులేదన్నారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పాత సవరణలన్నీ చెల్లవంటే, వాటిని నమ్మి దేశమంతటా జరిగిన భూసంస్కరణలు తలక్రిందులవుతాయి. భూమి పొందిన లక్షలాది రైతుల బ్రతుకులు అల్లకల్లోలమవుతాయి. సుబ్బారావు అమెరికా న్యాయశాస్త్రం నుండి ఒక సూత్రాన్ని గ్రహించి ఈ చిక్కును విప్పారు. తీర్పు ఇకముందు జరిగే వాటికే వర్తిస్తుంది. జరిగిపోయినవి అలాగే నిలుస్తాయి. దీని ఫలితంగా గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి తిరిగి రాలేదు. సిద్ధాంతం నెగ్గింది, కక్షిదారులు ఓడిపోయారు. న్యాయచరిత్రలో ఇటువంటి విచిత్రం అరుదుగా కనిపిస్తుంది.

ఈ తీర్పుపై ప్రశంసలతోపాటు విమర్శలు కూడా వెల్లువెత్తాయి. బీదలకు భూమి పంచే మార్గానికి న్యాయస్థానం అడ్డుపడుతున్నదని, ఆస్తిపరుల హక్కుకు కొమ్ముకాస్తున్నదని అభ్యుదయవాదులు ఆక్షేపించారు. ప్రజలు ఎన్నుకొన్న పార్లమెంటుకంటె, ఎన్నిక లేని న్యాయమూర్తులు అధికులా అని మరికొందరు ప్రశ్నించారు. ఈ విమర్శలు తీసివేయదగినవి కావు. ఆస్తిహక్కును కూడా వాక్‌స్వాతంత్ర్యంతో సమానంగా ఎంచడం సుబ్బారావు ఆలోచనలోని పరిమితి అని భావించేవారు నేటికీ ఉన్నారు. కాలక్రమంలో 1978 నాటి నలభై నాలుగవ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుండి తొలగించింది. కాని నేటి మెజారిటీ రేపటి పౌరుని స్వేచ్ఛను శాశ్వతంగా తుడిచిపెట్టగలదా అని ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం తొలగిపోలేదు.

1967 ఏప్రిల్ 10న ఆయన మరొక ముఖ్యమైన తీర్పు వెలువరించారు. ప్రభుత్వం ఒక వ్యాపారి పాస్‌పోర్టులను వెనుకకు ఇచ్చివేయమన్నది. అప్పటికి పాస్‌పోర్టుల మంజూరును, రద్దును నియంత్రించే శాసనం లేదు. అధికారుల ఇష్టమే చట్టం. విదేశాలకు వెళ్ళడం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని, శాసనం లేకుండా దానిని హరించరాదని సుబ్బారావుతో సహా ముగ్గురు న్యాయమూర్తులు, ఇద్దరి భిన్నాభిప్రాయం మధ్య, నిర్ణయించారు. ఆ సంవత్సరమే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టాన్ని తీసుకొని వచ్చింది.

ఆ తీర్పు వెలువడిన మరునాడే, ఏప్రిల్ 11న, సుబ్బారావు పదవికి రాజీనామా చేశారు. పదవీవిరమణకు ఇంకా మూడు నెలల గడువు ఉన్నది. ప్రతిపక్షాలు బలపరచిన అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేయడమే రాజీనామాకు కారణం. దేశం నివ్వెరపోయింది. అత్యున్నత న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికల రంగంలోకి దిగడం ఆ పీఠం నిష్పాక్షికతపై నీడలు పరుస్తుందని పలువురు విచారించారు. కొన్ని వారాల ముందే ప్రభుత్వానికి ఎదురుదెబ్బ వంటి తీర్పు వచ్చి ఉండడం ఆ అనుమానానికి బలమిచ్చింది. రాజీనామా చేసిన పౌరునికి పోటీ చేసే హక్కు ఉన్నదని, రాష్ట్రపతి పదవి పార్టీలకు అతీతమైనదని ఆయనను సమర్థించినవారు అన్నారు. ఎన్నికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్ 4,71,244 ఓట్ల విలువతో గెలుపొందారు. సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. న్యాయమూర్తి రాజకీయాలకు ఎంత దూరంలో ఉండాలన్న చర్చకు ఆయన రాజీనామా నేటికీ ఒక ఉదాహరణగా నిలిచి ఉన్నది.

పదవులు వీడిన తరువాత ఆయన రాజ్యాంగం గురించి ఉపన్యాసాలు, రచనలు చేశారు. ఇంతలో దేశంలో పరిణామాలు వేగంగా సాగాయి. 1971లో పార్లమెంటు ఇరవై నాలుగవ సవరణ చేసి, ప్రాథమిక హక్కులతో సహా దేనినైనా సవరించే అధికారం తనకు ఉన్నదని ప్రకటించుకొంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్ తీర్పును త్రోసిపుచ్చింది. అయితే అదే తీర్పులో ఏడుగురు న్యాయమూర్తులు, సవరణ పేరుతో రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని ధ్వంసం చేయరాదని హద్దు గీశారు. ఆ ఏడుగురిలో సిక్రీ, షేలత్‌లు గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావుతో ఏకీభవించినవారే. సుబ్బారావు చూపిన దారి మూసుకొనిపోయినా, ఆయన చేరదలచిన గమ్యానికి మరొక దారి ఏర్పడింది.

1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితిని విధించారు. వేలాదిమందిని విచారణ లేకుండా నిర్బంధించారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అత్యవసర పరిస్థితిలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించడానికి పౌరునికి హక్కు లేదని నాలుగు ఒకటి తేడాతో తీర్పు చెప్పింది. న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయం వ్రాశారు. జీవితమంతా పౌరస్వేచ్ఛ కోసం కలం పట్టిన కోకా సుబ్బారావు ఆ తీర్పు వెలువడిన ఎనిమిది రోజులకు, 1976 మే 6న, పరమపదించారు. తన విశ్వాసాలన్నీ ఓడిపోయినట్లు కనిపించిన వేళ ఆయన ఈ లోకం విడిచి వెళ్ళారు.

కాని కథ అక్కడితో ముగియలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు వ్రాసిన భిన్నాభిప్రాయమే సరియైనదని ఆమోదించింది. అదే తీర్పులో 1976 నాటి అత్యవసర పరిస్థితి తీర్పును కూడా తప్పని త్రోసివేసింది. ఆయన చనిపోయి అప్పటికి నలభై ఒక్క సంవత్సరాలు. ఖరక్ సింగ్ కేసు ముగిసి యాభై నాలుగు సంవత్సరాలు దాటింది. 2021లో ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడు, ఆ పదవి చేపట్టిన తొలి తెలుగువానిగా సుబ్బారావును తెలుగు ప్రజలు మరొకసారి తలచుకొన్నారు.

రాజమహేంద్రవరంలో పుట్టి, మద్రాసులో వృత్తి నేర్చి, గుంటూరులోను, హైదరాబాదులోను హైకోర్టులకు పునాది వేసి, ఢిల్లీలో అత్యున్నత న్యాయపీఠాన్ని అధిష్ఠించిన సుబ్బారావు జీవితం పదవుల పరంపరగా మాత్రమే చూడదగినది కాదు. ఆయన నిర్ణయాలలో వివాదాస్పదమైనవి ఉన్నాయి. కాని ఒక అనామకుని ఇంటి తలుపు అర్ధరాత్రి చప్పుడైనప్పుడు, ఆ చప్పుడు రాజ్యాంగానికి వినపడాలని ఆయన కోరుకున్నారు. తన పక్షాన ఎందరు ఉన్నారని లెక్కించక, తాను నమ్మిన సత్యాన్ని కారణాలతో వ్రాసి కాలానికి అప్పగించారు. కాలం దానిని దాచి ఉంచి, తగిన సమయంలో మనకు అందించింది.